మన వానల చలికాలానికి వెనక చక్రాల పాత బండి ఎట్టా చూసి కొనాలంటే

మా బావకి విడవలూరు పక్కన నాలుగు రొయ్యల గుంటలు ఉన్నాయి. పోయిన దసరాకి ఇంటికొచ్చి గారెలు తింటా తింటా, "ఏరా, స్విఫ్టు అమ్మేస్తన్నా, కార్తీకం వానలు మొదలయ్యేలోపు గుంటల కాడికి పోయే బండి ఒకటి చూడు, పాతదైనా పర్లేదు, వెనక చక్రాలు లాగేది కావాల" అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని నెలన్నర తిరిగాం, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, మధ్యలో కావలి, సింగరాయకొండ, టంగుటూరు, ఎక్కడ బండి అమ్ముతారంటే అక్కడికి. మొత్తం పదకొండు బండ్లు చూశాం. ఆ తిరుగుడులో తెలిసింది కొంత, మా మెకానిక్ భాయ్ తిట్టి మరీ నేర్పింది కొంత, అంతా ఇక్కడ రాస్తన్నా.

ముందు చలికాలం అంటే ఏందో చెప్పుకోవాల. మిగతా వాళ్ళకి చలికాలం అంటే స్వెట్టరు, మనకి మాత్రం అసలు వానలు అప్పుడే. నెల్లూరు వైపు ఏడాదిలో ఎక్కువ వాన పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు. 2021 నవంబర్లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటబోయే ముందు మనల్ని ముంచే పోయింది. వానలు తగ్గాక సంక్రాంతి రోజుల్లో తెల్లారుజామున హైవే మీద పొగమంచు. అంటే ఈ బండికి పని నీళ్ళలో, బురదలో, ఉప్పుగాలిలో, మంచులో. ఏసీ చల్లగా వస్తందా, సీటు కవర్లు బాగున్నాయా అని చూసి కొంటే డిసెంబర్లో ట్రాక్టర్ పెట్టి లాగించుకోవాల్సిందే.

వెనక చక్రాలే ఎందుకంటే, మేత బస్తాలు వెనక వేసుకుని గుంట కట్ట ఎక్కతా ఉంటే బరువంతా వెనక్కి జారతాది, ముందు చక్రాలు తేలికై గిర్రున తిరగతాయి గాని బండి కదలదు. మా బావ స్విఫ్టు కథ అదే. వెనక చక్రాల బండిలో ఆ బరువు సరిగ్గా లాగే చక్రాల మీదే కూర్చుంటాది, పట్టు దొరకతాది. కానీ ఖాళీగా పోయేవాళ్ళకి ఈ లెక్క తిరగబడతాది, వెనక ఏమీ లేకపోతే తోక తేలికై తడి రోడ్డు మీద పక్కకి జారతాది. కాబట్టి రోజూ ఒక్కడే ఖాళీ బండిలో నెల్లూరు టౌన్లో ఆఫీసుకి పోయేవాళ్ళు ఇదంతా చదివి వెనక చక్రాల బండి కొనమాకండి, మీకు ముందు చక్రాలదే మేలు. నాలుగు చక్రాలూ లాగే బండి దొరికితే అన్నిటికన్నా మంచిదే, కానీ దాని రేటూ, డీజిలూ, రిపేరూ మనకి గిట్టవు.

మా పెదనాన్న కొడుకు మాంట్రియల్లో ఉంటాడు, వాడితో ఈ మాట అంటే నవ్వాడు. అక్కడ డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు వేయకపోతే ఫైన్ అంట, వెనక చక్రాల పాత కార్లు ఉన్నోళ్ళు డిక్కీలో ఇసక సంచులు వేసుకుని తిరగతారంట, గడ్డకట్టిన రోడ్ల మీద ఉప్పు చల్లతారు కాబట్టి పాత కారు కొనేటప్పుడు ఇంజిన్ కన్నా ముందు కింద తుప్పే చూస్తారంట. అప్పుడు నాకు బుర్రలో వెలిగింది. మనకి ఆ మంచు లేదు గాని ఉప్పు మాత్రం ఉందిగా! గుంటల నీళ్ళు ఉప్పే, ఇందుకూరుపేట నుంచి కొత్తపట్నం దాకా సముద్రం గాలి ఉప్పే. వాళ్ళు చూసేదే మనమూ చూడాల.

సరే, ఏ బండ్లు వెనక చక్రాలవి? చాలామందికి ఇక్కడే తేడా కొడతాది, ఎర్టిగా పెద్దగా ఉంటాది కదా అని వెనక చక్రాలదే అనుకుంటారు, కాదు, అది ముందు చక్రాల బండి. తెలుసుకోవడం చాలా తేలిక, వెనక నించుని వంగి చూస్తే రెండు చక్రాల మధ్య ఇరుసు మీద చిన్న కుండంత గుండ్రటి ఇనప ముద్ద కనపడతాది, దాన్నించి ఒక పొడుగాటి గొట్టం ముందుకి పోతా ఉంటాది. ఆ ముద్ద డిఫరెన్షియల్ హౌసింగ్, ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే పళ్ళ చక్రాలు దాని లోపలే ఉంటాయి, ఆ గొట్టం ప్రొపెల్లర్ షాఫ్ట్. అవి ఉంటే వెనక చక్రాలకి లాగుడు ఉన్నట్టే.

మన వైపు దొరికేవాటిలో నా లెక్క ఇది. బొలెరో మొదట. 2000లో వచ్చింది, ఇంకా అమ్ముతానే ఉన్నారు, ఉదయగిరిలో ఆగిపోయినా కనిగిరిలో ఆగిపోయినా బాగుచేసేవాడు, పార్టు రెండూ దొరకతాయి, కింద చాసీ గట్టిది, వెనక కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు) కాబట్టి ఎంత బరువేసినా మోస్తాది. ఖాళీగా ఉంటే మాత్రం గుంతల్లో ఎగిరెగిరి పడతాది, మా అక్క ఒకసారి ఎక్కి ఇంక ఎక్కనంది. పాత ఇన్నోవా, అంటే 2005 నుంచి 2016 దాకా వచ్చింది, సుఖంగా పోయే బండి, వెనక కాయిల్ స్ప్రింగులు, కానీ చాలా వరకు ట్రావెల్స్‌లో తిరిగినవే, మీటర్లో కనపడే కిలోమీటర్లు నమ్మేది లేదు, ఇంజెక్టర్లు పోతే జేబు చిరగతాది. క్వాలిస్ 2000 నుంచి 2005 దాకానే వచ్చింది, ఎలక్ట్రానిక్స్ పెద్దగా లేని మొండి డీజిల్ ఇంజిన్, నీళ్ళలో భయం తక్కువ, బాగా చూసుకున్నది దొరికితే నేనైతే కళ్ళకద్దుకుని కొంటా, కానీ ఇప్పుడు ప్రతి క్వాలిసూ 20 ఏళ్ళు నిండిందే, కాయితాల ఖర్చు తర్వాత చెప్తా. టవేరా చౌక, కానీ దాన్ని అమ్మిన షెవర్లే కంపెనీ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, కాబట్టి బాడీ పార్టులకి పాత సామాను కొట్లే దిక్కు. సుమో, స్కార్పియో రెండూ వెనక చక్రాలవే, స్కార్పియోలో నాలుగు చక్రాలవీ ఉన్నాయి. ఓమ్నీ, ఈకో కూడా వెనక చక్రాలవే, ఊళ్ళో పాల క్యాన్లకీ కూరగాయలకీ బాగుంటాయి, కానీ ఓమ్నీకి ఇంజిన్ ముందు సీటు కిందే, కిందకి ఉంటాది, మోకాలి లోతు నీళ్ళంటే దాన్ని తీసుకుపోమాకండి. అంబాసిడర్ అంటే నాకు ప్రాణం, మా తాత దాంట్లోనే పెళ్ళికి పోయాడు, 2014లో ఆగిపోయింది, ప్రేమ ఉన్నోళ్ళు కొనుక్కోండి, గుంటల కాడికి కాదు.

ఇంక అసలు పని. బండి చూడ్డానికి పోతా ఒక టార్చి, ఒక పాత దుప్పటి, ఒక పెద్ద స్క్రూడ్రైవర్, ఒక గుడ్డ, చిన్న అయస్కాంతం తీసుకుపోండి. దుప్పటి ఎందుకంటే కింద పడుకోవాల. సింగరాయకొండలో ఒకాయన "ఏంది సామీ, బండి కొనడానికొచ్చావా, నిద్రపోడానికొచ్చావా" అన్నాడు, అన్నా సరే పడుకోండి. సిగ్గుపడి పైపైన చూసినోడే మోసపోయేది.

కింద ముందు చాసీ చూడాల, ఆ పొడుగాటి రెండు ఇనప దూలాలు. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటా రండి, ముందు నుంచి వెనక దాకా. మంచి ఇనుము ఖంగుమంటాది. తుప్పు లోపల తినేసిన చోట చప్పుడు చచ్చిపోతాది, అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంటాది. ముఖ్యంగా వెనక చక్రాల పైన వంపు తిరిగే చోట, కమాన్ కట్టలు చాసీకి తగిలించిన చోట, బురద చేరి ఆరకుండా ఉండే మూలల్లో. తుప్పు అంటే పైన ఎర్రగా పొడి ఉంటే భయపడక్కర్లా, తీరంలో తిరిగే బండికి అంత మాత్రం ఉంటాది, పొరలు పొరలుగా అప్పడం లాగా లేస్తంటే మాత్రం వదిలేయండి, ఎంత చౌకైనా. మేం చూసిన నాలుగో బండి, కంపెనీ పేరెందుకులే, పైన కొత్త పెళ్ళికొడుకు లాగా మెరుస్తంది, కింద కూడా నిగనిగలాడే నల్ల రంగు. మా బావ మురిసిపోయాడు, "చూడరా ఎంత బాగా పెట్టుకున్నాడో" అని. భాయ్ ఏం మాట్లాడలా, స్క్రూడ్రైవర్ మొన పెట్టి ఒక చోట కొంచెం నొక్కాడు, అది పిండిలోకి దిగినట్టు రెండంగుళాలు లోపలికి దిగింది. లోపల్నుంచి రాలిన ఎర్రటి పొట్టు ఆయన మొహం మీద పడింది. అమ్మేవాడు ఆకాశం వైపు చూస్తన్నాడు. అప్పట్నుంచి పాత బండికి కింద కొత్త రంగు కనపడితే చాలు మాకు అనుమానం, అమ్మబోయే ముందు రోజు ఎవరైనా కింద రంగేయించారంటే అందం కోసం కాదు గదా.

అక్కడే బ్రేకు గొట్టాలు కూడా చూడండి, సన్న ఇనప గొట్టాలు వెనక చక్రాల దాకా పోతా ఉంటాయి, చెమ్మ గాని పొక్కులు గాని ఉంటే మార్చాల్సిందే. తర్వాత బండిలో కూర్చుని ఇంజిన్ ఆన్ చేసి బ్రేకు గట్టిగా తొక్కి అర నిమిషం అట్టే ఉంచండి, పెడల్ మెల్లగా కిందకి దిగిపోతా ఉంటే ఎక్కడో లీకు. 2019 ఏప్రిల్ ముందు బండ్లలో చాలావాటికి ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుని జారకుండా చూసేది) ఉండదు, తడిలో మీ కాలే ఏబీఎస్, కాబట్టి బ్రేకులో రాజీ వద్దు.

డోర్ల కింద, చక్రాల పైన గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కోలేదంటే అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. అది పెద్ద నేరం కాదు, బేరానికి పనికొస్తాది.

ఇప్పుడు ఎవరూ చూడనిది ఒకటి. డిఫరెన్షియల్ ఆయిల్. బండి ఎండలో నలభై కిలోమీటర్లు పరిగెత్తి వస్తే ఆ కుండ వేడెక్కి ఉంటాది, అప్పుడు తటాలున వాగు నీళ్ళలో దింపితే అది చల్లబడి లోపల గాలి ముడుచుకుంటాది, బయట నీళ్ళని లోపలికి పీల్చుకుంటాది, పైన గాలి ఆడే చిన్న బ్రీదర్ ఉంటాది దాన్నించో, సీళ్ళ నుంచో. నెత్తి మీద వాన పడితే ఏం కాదు గాని ఈ నీళ్ళు లోపలికి పోతే క్రౌను పిన్యన్, అంటే లోపలి పళ్ళ చక్రాల జత, దాని పళ్ళు తుప్పుపట్టి అరిగిపోతాయి. భాయ్ ఏం చేస్తాడంటే హౌసింగ్ పక్కన నింపే నట్టు ఒకటి ఉంటాది, అది విప్పి చిటికెన వేలు లోపలికి పెట్టి ఆయిల్ తీసి ఎండలో చూస్తాడు. తేనె రంగో నల్లగానో ఉంటే పర్లేదు. పాలు ఎక్కువ పోసిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే. ఆయిల్లో వేళ్ళకి ఇనప పొడి మెరుపు తగిలితే పళ్ళు అరగతన్నాయని. ఈ నట్టు విప్పనీయనన్నోడి దగ్గర బండి కొనమాకండి, దానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

నడిపి చూసేటప్పుడు ఈ కుండ సంగతి చెవితో కూడా తెలస్తాది. కిటికీలు దించి, పాటలు ఆపించి (అమ్మేవాళ్ళు పాటలు గట్టిగా పెడతారు, ఊరికే కాదు), యాభై అరవైలో పోతా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు "ఊఁ..." అని రాగం తీసి, కాలు తీయగానే రాగం మారితే క్రౌను పిన్యన్ అరిగింది. చక్రాల దగ్గర నుంచి ఒకటే గుయ్యిమంటా ఉంటే బేరింగు. ఫస్ట్ గేరు, రివర్స్ మార్చి మార్చి మెల్లగా కదిలిస్తే కింద "టక్" అని కొట్టుకుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, అంటే ఆ గొట్టం కీళ్ళు, అయిపోయాయి, క్రాసులు చిన్న ఖర్చే, పిన్యన్ మాత్రం పెద్దది, రెంటికీ తేడా తెలిసి బేరం ఆడండి.

ఇంజిన్ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. పొద్దున్నే పోండి, పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే మీకన్నా ముందే స్టార్ట్ చేసి పెట్టాడని, ఏదో దాస్తన్నాడు. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫుకి అందుకోవాల. నీలం పొగ వస్తంటే ఆయిల్ తాగతన్నట్టు, ఇంజిన్ వేడెక్కినా తెల్ల పొగ ఆగకపోతే నీళ్ళు కాలతన్నట్టు అవ్వొచ్చు, చూపించుకోండి. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళకి తెల్లారి చలి మనకన్నా ఎక్కువ, డీజిల్ బండికి చలిలో స్టార్ట్ అవ్వడానికి ఇంజిన్ లోపల వేడెక్కించే హీటర్ ప్లగ్గులు పనిచేస్తన్నాయో లేదో వాళ్ళు గట్టిగా చూసుకోవాల, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్ళు క్లచ్ కూడా.

టైర్లు. ఇక్కడ మాత్రం నేను మొండిగా ఉంటా. టైరు పక్కన డీఓటీ అని ఉన్న వరస చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి, 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందని. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేడేళ్ళు దాటిన టైరు ఎండకి రాయి అయిపోతాది, గోరు గుచ్చితే దిగదు, తడి తారు మీద సబ్బు మీద నడిచినట్టే. గాడుల మధ్య చిన్న గట్లు ఉంటాయి, టైరు అరిగి ఆ గట్ల దాకా వస్తే 1.6 మిల్లీమీటర్లే మిగిలింది, రూల్ ప్రకారం అక్కడితో సరి, నా మాట వింటే అంత దాకా ఆగమాకండి, హైవే మీద నీళ్ళు నిలిచిన చోట ఎనభైలో పోతే టైరు నీళ్ళని తోయలేక పైన తేలిపోతాది, స్టీరింగ్ చేతిలో ఊరికే తిరగతాది. రెండే కొత్తవి కొనే డబ్బులుంటే అవి వెనక వేయండి. ముందుకేస్తే స్టీరింగ్ బాగుంటాది అని షాపులో చెప్తారు, కానీ తోక జారితే మీ చేతుల్లో ఏం ఉండదు.

నీళ్ళలో మునిగిన బండి పట్టుకోవడం ఇంకొక పని. చెన్నై మనకి మూడు గంటల దూరం, 2015 డిసెంబర్లో అక్కడ మునిగాయి, 2023లో మళ్ళీ మునిగాయి. టీఎన్ నంబర్ బండి అరవై డెబ్భై వేలు తక్కువకి వస్తందంటే సంబరపడే ముందు సీటు బెల్టు చివరి దాకా బయటికి లాగండి, కింద భాగంలో బురద నీళ్ళ చార ఉంటాది, దాన్ని ఎవరూ కడగరు. సీట్లు జరిపే పట్టాల మీద తుప్పు, స్టెప్నీ కింద సన్న ఒండ్రు మట్టి, హెడ్‌లైటు అద్దం లోపల అడ్డంగా గీత, ఇవి చూడండి. లోపల సెంటు వాసన ముక్కులు పగలగొడతా ఉంటే కూడా ఆలోచించండి. పైగా వేరే రాష్ట్రం బండికి అక్కడ్నించి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాయితం, తేవాల, ఇక్కడ లైఫ్ టాక్సు మళ్ళీ కట్టాల, ఆ లెక్క వేస్తే చౌక ఎక్కడికో పోతాది.

కాయితాలు తొందరగా చెప్తా. ఆర్సీ మీద ఉన్న చాసీ నంబరు, బండి మీద కొట్టిన నంబరు మీ కళ్ళతో కలిపి చూడండి, పరివాహన్ సైట్లో నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్సు ఉందా చూడండి, ఫైనాన్స్ ఉంటే అది తీర్చిన లెటర్, 35 నంబరు ఫారం లేకుండా డబ్బులివ్వమాకండి, ట్రాన్స్‌ఫర్‌కి 29, 30 ఫారాలు. సొంత కారు ఆర్సీ 15 ఏళ్ళే, తర్వాత ఐదైదేళ్ళకి రెన్యువల్, 2022 ఏప్రిల్ నుంచి దానికి 5 వేలు, 20 ఏళ్ళు దాటిన కార్లకి 2025 ఆగస్టు నుంచి 10 వేలు చేశారు, పైన అన్నానే క్వాలిస్ సంగతి, అది ఇదే. ఆర్సీ గడువు ఇంకో మూణ్ణెల్లలో అయిపోయే బండి అమ్మకానికి వచ్చిందంటే ఆ రెన్యువల్ పని అమ్మేవాడితోనే చేయించండి, అప్పుడు ఫిట్‌నెస్‌లో బండి సంగతి కూడా బయటపడతాది.

కొన్నాక మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, గేరు ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ మూడూ మార్చేయండి, వైపర్ రబ్బర్లు మార్చండి. భాయ్ మా బండికి డిఫరెన్షియల్ బ్రీదర్‌కి ఒక రబ్బరు గొట్టం తగిలించి పైన చాసీ దాకా తెచ్చి కట్టాడు, మూర కన్నా కొంచెం ఎక్కువ గొట్టం, రెండు క్లిప్పులు, అంతే, ఇంక నీళ్ళలో దిగినా కుండ పైనుంచి పొడి గాలే పీలస్తాది. గుంటల నుంచి వచ్చినప్పుడల్లా కింద మంచినీళ్ళతో కడగాల, పైన కడిగినా కడక్కపోయినా.

నడిపేటప్పుడు రెండు మూడు ముక్కలు. ఖాళీగా పోవాల్సి వస్తే వెనక ఇరుసు పైన రెండు ఇసక బస్తాలు వేసి తాడుతో కట్టండి, ఊరికే పడేస్తే బ్రేకు కొట్టినప్పుడు మీ వీపు మీదకి వస్తాయి. తడి మలుపులో గేరు దబుక్కున దించమాకండి, యాక్సిలరేటర్ కుమ్మమాకండి, తోక జారితే బ్రేకు తొక్కకుండా కాలు మెల్లగా తీసి తోక ఎటు పోతే స్టీరింగ్ అటే తిప్పండి. బురదలో ఒక చక్రమే గిర్రున తిరిగి రెండోది కదలకపోతే హ్యాండ్‌బ్రేకు కొంచెం, సగం కన్నా తక్కువ, లాగి పట్టుకుని మెల్లగా కదపండి, తిరిగే చక్రం బిగుసుకుని రెండోదానికి బలం పోతాది. అప్పటికీ రాకపోతే చక్రాల కింద వరిగడ్డో గోనెసంచులో వేయండి, తవ్వుకుంటా పోయే కొద్దీ దిగబడతాది. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టమాకండి, లోపలికి నీళ్ళు పోయుంటే రాడ్లు వంగతాయి, తోయించుకుని బయటికి తెచ్చి చూపించుకోండి. నీళ్ళు దాటాక బ్రేకు రెండు మూడు సార్లు మెల్లగా అదిమి డ్రమ్ములు ఆరబెట్టుకోండి. పొగమంచులో హై బీమ్ వేస్తే మీ కళ్ళ ముందే తెల్ల గోడ కట్టినట్టు ఉంటాది, లో బీమ్‌లోనే పోండి.

మా బావ చివరికి ఒంగోలు పక్కన ఒక పొగాకు రైతు దగ్గర 2012 బొలెరో కొన్నాడు, పదకొండోది. పైన గీతలు, ఒక డోరు సొట్ట, సీట్లు చిరిగి గోనెపట్టా కుట్టుంది, స్విఫ్టు మనిషి కదా, చూసి మొహం ముడుచుకున్నాడు. కింద పడుకుని కొడితే చాసీ ఈ చివర్నించి ఆ చివర దాకా గుడి గంటే. టైర్లు మాత్రం 1116, అంటే 2016వి, వాటి మీద పద్దెనిమిది వేలు తగ్గించాం. ఆ రైతు డబ్బులు లెక్కపెట్టుకుంటా, "కింద పడుకుని చూసినోడివి నువ్వొక్కడివే అబ్బాయ్, మిగతా అందరూ సీట్లు బాలేదని పోయారు" అన్నాడు భాయ్‌తో. సీట్లు నెల్లూరు వచ్చాక మూడు రోజుల్లో కుట్టించాం.